సలేశ్వరం దారి: ఉరుకు, నడక

మన పంచాంగం ప్రకారం చైత్ర శుద్ధ పాడ్యమి మొదలు వసంత ఋతువు. కవులు ఈ ఋతువును కోకిలకు, మామిడి చిగురుకు, మలయమారుతానికి ధారపోసినారు. నల్లమల అంచున నివసించే మా ప్రాంతపు ప్రజలు మాత్రం దానిని కాళ్లకు కేటాయించినారు. ఉగాది వెళ్లిన పది పన్నెండు రోజులకే, చైత్ర పౌర్ణమి దగ్గర పడగానే, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల సీమలలో ఊరూర ఒకటే మాట వినబడుతుంది: “సలేశ్వరం పోతున్నరా?” బస్సును గూర్చి, ఖర్చును గూర్చి ఆ తరువాత మాట్లాడుకొంటారు. మొదటి ప్రశ్న కాళ్లను గూర్చియే. “నడుస్తవా? మోకాళ్లు మంచిగున్నయా?” అని.

సలేశ్వరం నాగర్‌కర్నూలు జిల్లాలో, లింగాల మండలపు అడవుల నడుమ ఉన్నది. లోతైన లోయ, లోయ కొసన ఎత్తైన కొండ మీదినుంచి పడే జలధార, దాని క్రింద గుండము, గుండము పక్కన గుహలో లింగమయ్య. అర్చకులు చెంచులు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రమే అక్కడ జాతర. తక్కిన కాలమంతా ఆ దారి చెంచులది, పులిది, ఎలుగుబంటిది. మన్ననూరు దాటిన పిమ్మట ఫర్హాబాదు వద్ద శ్రీశైలం రహదారిని విడిచి అడవిలోనికి తిరిగితే, రాంపూరు పెంట ప్రాంతం వరకు వాహనాలు పోగలవు. అక్కడినుంచి సుమారు 5 కిలోమీటర్లు రాళ్లదారి. లింగాల వైపు నుంచి కాలినడకన వచ్చేవారికి దూరం అంతకు ఎన్నో రెట్లు.

పోను రాను 10 కిలోమీటర్లే గదా అని ఎవరైనా అనవచ్చును. ఈ దారిలో ఉన్న తిరకాసు దూరంలో లేదు, వరుసలో ఉన్నది. సాధారణంగా మనం కొండకు పోయేటప్పుడు సత్తువ ఉన్నంతసేపు ఎక్కుతాము. అలసిన తరువాత దిగుతాము. కొండ మొదటనే మన శక్తిని పరీక్షించి, చాలనివానిని మొదటి మలుపులోనే వెనుకకు పంపివేస్తుంది. లోయ అటువంటిది కాదు. అది అందరినీ సులభంగా లోపలికి రానిస్తుంది. పొద్దుటి చల్లదనంలో, తాజా కాళ్లతో దిగడం. ఎండ ముదిరిన తరువాత, అలసిన కాళ్లతో ఎక్కడం. పరీక్ష చివరన పెట్టి, ఆ సంగతి ముందుగా చెప్పని ఉపాధ్యాయుని వంటిది లోయ.

భక్తులు లోయలోనికి పోయేటప్పుడు “వస్తున్నాం లింగమయ్యా” అని కేక వేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు “పోయొస్తాం లింగమయ్యా” అంటారు. ఈ రెండు కేకలూ వేల కంఠాలలో కలిసి కొండచరియల మీద ప్రతిధ్వనిస్తుంటే మొదటిసారి విన్నవానికి ఒళ్లు జలదరిస్తుంది. చాలకాలం నేను వీనిని భక్తి నినాదాలుగా మాత్రమే విన్నాను. రెండవ కేక వేయడానికి తగిన ఊపిరిని మొదటి కేకలోనే ఖర్చు చేయరాదన్న పాఠం వానిలో ఉన్నదని నాకు తెలిసినది, కొన్నేండ్ల కిందట నేను చేసిన ఒక పొరపాటు వలన. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

దూరపు నడక ఈ సీమకు కొత్త కాదు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారక్షేత్రాలు ఉన్నవని ప్రసిద్ధి: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఈ నాలుగింటిలో రెండు మావే. అలంపురం జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున, ఉమామహేశ్వరం నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట సమీపాన రంగాపురం వద్ద. కనుక శ్రీశైలం పోయే పాదచారుల అడుగులు తరతరాలుగా ఈ మట్టి మీద పడుతూనే ఉన్నవి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక ప్రకరణం ఉన్నది. శివరాత్రికి శ్రీశైలం చేరే భక్తజన సమూహాలను, వారు పాడుకొనే పదాలను సోమనాథుడు అందులో ద్విపదలలో విస్తారంగా వర్ణించినాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, ఆనంద పదాల వంటి వానితోపాటు పర్వత పదాలు అనే పేరు కూడా ఆయన చెప్పినాడు. నడకకు లయ కావలెను. ఆ లయకు పాట కావలెను. పాట పాడుతూ నడవగలిగినంత వేగమే దూరం పోవలసినవానికి తగిన వేగమని నేటి వ్యాయామ శిక్షకులు కూడా చెబుతున్నారు. మాట్లాడలేనంతగా ఆయాసం వచ్చినదంటే వేగం మించినదని వారి కొలత. ఆ కొలత మన యాత్రికులకు ఎన్ని శతాబ్దాల క్రిందటిదో చూడండి.

నేటికీ ఉగాదికి కర్ణాటకం నుంచి వేలాది భక్తులు శ్రీశైలానికి కాలినడకన పోతారు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న గద్వాల సీమను మేము నడిగడ్డ అంటాము. ఫాల్గుణ మాసపు చివరి రోజులలో కన్నడ జట్లు శ్రీశైలం దిక్కుగా సాగిపోయే దృశ్యం చూడదగినది. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. వారిలో ఎవరూ పరుగెత్తరు.

గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. ఆ సంస్థానంలో కార్తీక, మాఘ మాసాలలో పండిత సభలు జరిగేవి. పట్టణాలను కలిపే నేటి రోడ్లు లేని ఆ కాలంలో, కవులు బండ్ల మీద, కొందరు కాలినడకన, నది దాటి ఆ సభలకు చేరుకొనేవారు. పద్యం చెప్పడానికి మునుపు ఆమడలకొలది దారిని గెలువవలసి ఉండేది. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, ఆత్మకూరు మీదుగా నాగులూటి, పెద్దచెరువు, భీమునికొల్లం దాటి శ్రీశైలం ఎక్కినాడు. తరువాత వనపర్తి సీమ మీదుగా హైదరాబాదు వైపు సాగినాడు. ఆయన పల్లకీలో పోయినవాడే. అయినా ఏ మజిలీకి ఎంత దూరం, ఎక్కడ నీరు దొరుకుతుంది, ఎక్కడ దారి కఠినం అనే సంగతులను శ్రద్ధగా వ్రాసిపెట్టినాడు. దారిని ఎరిగి పోవడం యాత్రికుని మొదటి ధర్మమని ఆయన భావించినట్లు కనబడుతుంది. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది.

ఈ దారులలో కొన్ని ఇప్పుడు లేవు. శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగినది. 1980 దశకపు ఆరంభానికి జలాశయం నిండి, కొల్లాపురం, అలంపురం ప్రాంతాలలో కృష్ణ ఒడ్డునున్న అనేక గ్రామాలను ముంచివేసినది. కూడలిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి తిరిగి నిర్మించినారు. గుడిని తరలించవచ్చును. గుడికి పోయే కాలిబాటను తరలించడం ఎవరికీ సాధ్యం కాదు. సలేశ్వరం వంటి దారి మిగిలి ఉండడం అందుచేతనే నాకు ఒక భాగ్యంగా తోస్తుంది.

ఇక నా పొరపాటు సంగతి.

మా కళాశాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదివే ఒక విద్యార్థి ఉండేవాడు. తండ్రి దూరదేశాలకు వలసపోయే కూలీ. దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టిలో పాలమూరు కూలీల చెమట ఉన్నదన్న మాట అందరూ ఎరిగినదే. ఆ చెమటలో ఈ కుటుంబపుది కూడా కొంత ఉన్నది. తల్లి ఊరిలోనే కూలినాలి చేస్తూ కొడుకును చదివిస్తున్నది. పిల్లవానికి పోలీసు ఉద్యోగం మీద ఆశ. ఆ పరీక్షలో 1600 మీటర్ల పరుగు ఉన్నది. రోజూ తెల్లవారుజామున చెరువుకట్ట మీద పరుగెత్తేవాడు. ఈనాడు మా జిల్లాలలో ఏ చెరువుకట్ట మీదికి పోయినా, ఏ పాఠశాల మైదానంలో చూచినా ఇటువంటి యువకులు కనబడతారు. వారి కాళ్ల క్రింద ఒక ఇంటి భవిష్యత్తు ఉంటుంది.

అతడు ఆ పనిని “పరుగు” అనేవాడు కాడు. “ఉరుకుడు” అనేవాడు. తీరాంధ్ర పాఠ్యపుస్తకాలలో ఉరుకు అంటే దూకడమని పిల్లలు చదువుకొంటారు. మా ప్రాంతంలో ఉరుకు అంటే పరుగే. తరగతిలో ఒకనాడు ఈ భేదాన్ని వివరిస్తూ, “మనవాడు ఉరికినా, దూకినా మొదటివాడే” అని అతనిని ఉద్దేశించి నేనన్నాను. పిల్లలు నవ్వినారు. అతడు తల వంచుకొని మురిసిపోయినాడు.

ఆ సంవత్సరం చైత్ర త్రయోదశినాడు మేము నలుగురం సలేశ్వరం పోయినాము. సూర్యోదయ వేళకు వాహనం ఆగే చోటికి చేరినాము. అడవి అప్పటికి ఆకు రాల్చి బోసిగా ఉన్నది. మోదుగపూలు చాలవరకు రాలి నేలమీద వాడిపోయినవి. కొండగోగు ఒకటీ అరా పసుపుపూలతో, ఆకులేని కొమ్మలతో నిలిచి ఉన్నది. ఇప్పచెట్ల క్రింద రాత్రి రాలిన పూల వాసన తియ్యగా, మత్తుగా వ్యాపించి ఉన్నది. ఆ పూలకోసం ఎలుగుబంట్లు వస్తవని, చీకటి ఉండగా అటు పోరాదని చెంచులు హెచ్చరిస్తారు.

నా శిష్యుడు బూట్లు బిగించుకొంటూ, “సార్, మీరు నిమ్మళంగ రాండ్రి. నేను ఉర్కి పోయి, దర్శనం చేస్కొని, మల్ల మీకు ఎదురొస్త” అన్నాడు.

నేను వారించవలసినది. పరగడుపున ఒక కప్పు టీ తప్ప అతడేమీ తీసికొనలేదని నాకు తెలుసు. చేతిలో అరలీటరు నీళ్లసీసా మాత్రమే ఉన్నదని కూడా చూచినాను. అయినా ఉత్సాహం కొద్దీ, “నేను అడుగుకు చేరకముందే నీవు ఎదురు వస్తే నీ మీద ఒక సీసపద్యం చెబుతాను” అన్నాను. ఆ మాట విని బాణంవలె పోయినాడు. జనం నిండిన ఇరుకు బాటను విడిచి, రాయి మీదినుంచి రాయి మీదికి దూకుతూ పోయినాడు. అతని వీపు కనబడినంతసేపు నేను గర్వంగా చూస్తూ నిలబడినాను.

దారిలో ఒక అవ్వ తోడయినది. కొల్లాపురం దిక్కు పల్లెటూరు. డెబ్బై దాటిన వయస్సు, ఉత్తకాళ్లు, చేతిలో వెదురుకర్ర, భుజాన చిన్న గుడ్డసంచి. ఆమె కొంత దూరం దిగి ఆగేది. మరికొంత దిగి మళ్లీ ఆగేది. ఆమె ముఖంలో అలసట లేదు.

“అలసట లేకుండానే ఆగుతున్నావేమవ్వా?” అని అడిగినాను.

“అలసినంక ఆగితె లేవరాదు సారూ. అలవకముందే ఆగాలె” అన్నది. కొంచెంసేపు ఊరుకొని, “దిగుడుల కాళ్లు దాసుకోవాలె. ఎక్కుడుల ఖర్సు పెట్టాలె” అన్నది.

మేము మూడువంతుల దారి దిగినామో లేదో నా శిష్యుడు ఎదురు వచ్చినాడు. జలధార క్రింద తడిసిన తల. ముఖం నిండా నవ్వు. “సార్, సీసపద్యం!” అన్నాడు. “ఎత్తుగీతితో సహా చెబుతాను” అని నేనూ నవ్వినాను. అతడు వంగి మోకాళ్లమీద చేతులు పెట్టి నాలుగు ఊపిరులు పీల్చుకొని, మళ్లీ పైకి ఉరికినాడు. సీసాలో నీళ్లు అప్పటికే లేవు. అదీ చూచినాను.

అవ్వ అటే చూస్తూ, “మీ కొడుకా?” అని అడిగినది.

“కాదవ్వా, శిష్యుడు.”

“గట్లయితె నువ్వు సెప్పాలె గద సారూ” అన్నది. అంతకుమించి ఒక్కమాట అనలేదు. ఆ మాటకు నా వద్ద జవాబు ఆనాడు లేదు, ఈనాడూ లేదు.

మేము దర్శనం చేసికొని తిరుగుముఖం పట్టేసరికి పదకొండు గంటలు దాటినది. ఆకులేని అడవిలో నీడ ఉండదు. రాళ్లు వేడెక్కినవి. సగం ఎక్కిన తరువాత ఒక మలుపులో పదిమంది గుమికూడి ఉన్నారు. నా గుండె ఝల్లుమన్నది. అతడే. ముఖం తెల్లగా పాలిపోయినది. ఒళ్లంతా చల్లని చెమట. రెండుసార్లు వాంతి అయినది. పిక్కలు కొయ్యవలె బిగుసుకొనిపోయినవి. కాలు ముట్టుకొంటే బాధతో అరుస్తున్నాడు. నన్ను చూచి, “మా అమ్మకు జెప్పకుండ్రి సార్” అన్నాడు.

ఇద్దరు చెంచు యువకులు అప్పటికే అతనిని బాట ప్రక్కకు ఎత్తి, ఉన్నంతలో నీడగల చోట పరుండబెట్టినారు. బూట్లు విప్పినారు. తువ్వాలలు తడిపి మెడకు, చంకలకు, తొడలకు చుట్టినారు. ఒకడు ఆకుల కొమ్మతో విసురుతున్నాడు. అవ్వ వచ్చి తన సంచిలోనుంచి సీసా తీసినది. అందులో ఉప్పు వేసిన జొన్న అంబలి. “గటగట తాగకు కొడుకా, గుక్క గుక్క తాగు” అని తన చేతితోనే పట్టించినది. సంచిలో ఆమె తిరుగుదారికోసం దాచుకొన్నది అదొక్కటే. రెండు గంటలసేపు మేము అక్కడే కూర్చున్నాము. తరువాత ఆ యువకులు చెరొక భుజం పట్టి అతనిని పైకి చేర్చినారు. సాయంకాలం వైద్యుడు చూచి సెలైను ఎక్కించి, ప్రమాదం తప్పినదన్నాడు. ఇంకొక గంట ఎండలో ఒంటరిగా పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని కూడా అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక తల్లి కొడుకును నేను ఒక సీసపద్యానికి పందెం ఒడ్డినాను.

ఆ తరువాత నేను ఈ విషయం గూర్చి కొంత చదివినాను. ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు ఉపయోగపడునని ఆ సారాంశం ఇక్కడ చెబుతున్నాను.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకొంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ శరీరపు బరువును ఆపుతుంది. ఇది కళ్లెం బిగబట్టి గుర్రాన్ని నిలువరించడం వంటిది. ఈ పనిలో కండరపు సూక్ష్మమైన పోగులు దెబ్బతింటవి. అయినా దిగుటలో ఆయాసం తక్కువ కనుక మనకు ఆ నష్టం తెలియదు. ఊపిరి తేలికగా ఉన్నది గదా అని వేగం పెంచుతాము. అప్పు చేస్తున్నామన్న స్పృహ లేకుండా చేసే అప్పు అది. ఎక్కవలసి వచ్చినప్పుడు అసలు వడ్డీలతో తీర్చవలసి వస్తుంది. మిగిలిన బాకీ మరునాడు, మూడవనాడు మెట్లు దిగలేని నొప్పి రూపంలో వస్తుంది.

రెండవది ఎండ. వైశాఖ జ్యేష్ఠాల ఎండ కంటె చైత్రపు ఎండ తక్కువే. అయినా పరుగెత్తేవానికి వసంతారంభం ఒక విధంగా మోసకారి. శరీరం వేడికి అలవాటు పడడానికి సుమారు 2 వారాలు పడుతుంది. అలవాటు పడిన తరువాత చెమట త్వరగా పడుతుంది. అందులో ఉప్పు తక్కువ పోతుంది. గుండె మీద భారం తగ్గుతుంది. చలికాలమంతా చల్లని వేళలలోనే పరుగెత్తిన దేహం మొదటి ఎండలకు ఇంకా సిద్ధపడి ఉండదు. చెరువుకట్ట మీద వేకువన సంపాదించిన బలం, లోయలో మిట్టమధ్యాహ్నం చెల్లలేదు.

మూడవది నీరు, ఉప్పు. చెమటలో రెండూ పోతవి. ఉత్త నీళ్లే అదేపనిగా త్రాగినా రక్తంలో ఉప్పు పలుచబడి అపాయం. 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపుకొంటే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటింటికీ చెప్పిన మాట. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా. అవ్వ సంచిలోని ఉప్పు అంబలి కూడా ఇటువంటి బుద్ధికి చెందినదే. ఒకటి మాత్రం మరువరాదు. ఎండలో శ్రమించినవాడు తడబడి మాట్లాడినా, తూలినా, తానెక్కడ ఉన్నదీ తెలియకపోయినా అది వడదెబ్బ. వెంటనే నీళ్లతో ఒళ్లంతా చల్లబరుస్తూ, ఆలస్యం లేకుండా వైద్యుని వద్దకు చేర్చవలెను.

సలేశ్వరపు పాఠం సలేశ్వరంలో మాత్రమే లేదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1897 నుంచి దాదాపు ఏటేటా ఏప్రిల్ నెలలో, అనగా వారి వసంతారంభాన, మారథాన్ పరుగు జరుగుతున్నది. దూరం 42.195 కిలోమీటర్లు. ఆ దారి ఎత్తైన హాప్కిన్‌టన్ వద్ద మొదలై, ఆదిలో దిగుడుగా పోతుంది. తేలికగా ఉన్నది గదా అని మొదట వేగం పెంచినవారిని న్యూటన్ ప్రాంతపు గుట్టలు దెబ్బతీస్తవి. సుమారు 32 కిలోమీటర్లు దాటిన తరువాత వచ్చే చివరి గుట్టకు వారు పెట్టుకొన్న పేరుకు “గుండె పగిలే గుట్ట” అని అర్థం. నిజానికి అది పెద్ద గుట్ట కాదు. మన ఉమామహేశ్వరం మెట్ల ముందు దానిని గుట్ట అనడానికే సంకోచం కలుగుతుంది. గుండె పగిలేది గుట్ట ఎత్తు వలన కాదు, అంతకు ముందు దిగిన వేగం వలన. అదే దేశంలోని గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయలో, దిగడానికి పట్టిన కాలానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని అక్కడి రక్షకులు ప్రతి యాత్రికునికీ హెచ్చరిక చేస్తారు. కొలరాడో నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దంటారు. కొల్లాపురం అవ్వ ఈ సంగతిని రెండు వాక్యాలలో చెప్పినది.

మరి పరుగు వద్దా? అట్లని నేననను. మన భాషలో “అంచెలంచెలుగా” అని ఒక మాట ఉన్నది. అంచె అంటే పూర్వం వార్తలను మోసే పరుగరులు ఒకరినుంచి మరొకరు అందుకొనే మజిలీ. ఒక్కడే మొదటినుంచి చివరిదాకా పరుగెత్తడం ఆ ఏర్పాటులో లేదు. తన వంతు దూరాన్ని పరుగెత్తి, సంచిని పక్కవానికి అందించి నిలిచిపోవడమే అతని పని. ఎక్కడ ఆగవలెనో తెలిసినవాడే నమ్మదగిన పరుగరి. నల్లమలలో చెంచులు కూడా అవసరమైనప్పుడు మెరుపువలె కదలగలరు. తక్కిన సమయంలో తొందరపడరు. 1940లో వారి మధ్య నివసించి పరిశోధన చేసిన హైమెండార్ఫ్ పండితుడు వారిని గూర్చి ఒక పెద్ద గ్రంథమే 1943లో ప్రకటించినాడు. ఆ అడవిలో దారి ఎరిగినవారు నేటికీ వారే.

అడవి దారిలో పరుగు అభ్యసింపదలచిన విద్యార్థులకు ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోనికి అనుమతి లేకుండా ప్రవేశించరాదు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట తెలంగాణ వైపు ఉన్న భాగం అమరాబాదు పులుల అభయారణ్యంగా ఉన్నది. జాతరకైనా అటవీశాఖవారు ఏటేటా ప్రకటించే రోజులను, వేళలను తెలిసికొనియే పోవలెను. ప్లాస్టిక్ సీసాలను, కవర్లను అడవిలో విడిచిపెట్టరాదు. సాధనకు ఘనపురం కోట దిగువ బాటలు, ఊరి గుట్టలు, చెరువుకట్టలు చాలును. అక్కడ కూడా ఒంటరిగా పోరాదు. తినకుండా పోరాదు. దిగుడులో వేగం తగ్గించి, అడుగులు పొట్టిగా వేయవలెను. అన్నింటికంటె ముఖ్యం, తిరుగుదారికి సగానికి పైగా శక్తిని, నీటిని మిగుల్చుకొనవలెను.

ఇక ఉపాధ్యాయులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన ప్రశంసకు మనం అనుకొన్నదానికంటె ఎక్కువ బలం ఉన్నది. మొదటి మార్కు వచ్చిన పిల్లవానిని, ముందు ఉరికిన పిల్లవానిని మనం చప్పట్లతో మరింత ఉరికిస్తాము. అతని చేతిలోని సీసాలో నీళ్లు ఉన్నవో లేవో చూడము. చూచినా, నావలెనే, నవ్వి ఊరుకొంటాము. “గట్లయితె నువ్వు సెప్పాలె గద” అన్న మాట ఆ అవ్వ నా ఒక్కనితో అనలేదని నా నమ్మకం.

మరుసటి ఏడు చైత్రంలో ఆ శిష్యుడు మళ్లీ నాతో వచ్చినాడు. ఈసారి కడుపునిండా జొన్నరొట్టె తిన్నాడు. భుజాన రెండు లీటర్ల నీళ్లు, ఒక సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ మోసినాడు. దిగేటప్పుడు నా వెంటే, నా నడకకు నడక కలుపుతూ దిగినాడు. దారి పొడుగునా ముసలివారి ముఖాలలోనికి చూస్తూ ఉన్నాడు. ఎవరికోసమో నాకు తెలుసు. నేనూ చూస్తూనే ఉన్నాను. ఆ అవ్వ కనబడలేదు. అంత జనంలో కనబడుతుందని ఆశించడమే అమాయకత్వం. చివరకు, ఆమె వయస్సులో ఉన్న మరొక ముసలమ్మకు అతడు ఆ మజ్జిగ సీసా ఇచ్చి, సంచి అందుకొని గుండము దాకా మోసినాడు.

తిరిగి ఎక్కుతూ, చివరి అరకిలోమీటరు మిగిలి ఉండగా, నా వైపు తిరిగి, “సార్, ఇప్పుడు ఉర్కనా?” అని అడిగినాడు.

అతని ముఖం చూచినాను. చెమట ఉన్నది, ఆయాసం లేదు. సీసాలో నీళ్లు ఉన్నవి. పైన దారి ఖాళీగా ఉన్నది.

“ఉరుకు” అన్నాను.

అతడు పైకి చేరి, నేను వచ్చేదాకా నిలబడి, లోయ వైపు తిరిగి “పోయొస్తాం లింగమయ్యా” అని గొంతెత్తి అరచినాడు. ఆ కేక ఎదురు కొండకు తగిలి తిరిగి వచ్చినది. తరువాత నవ్వుతూ, నేను బాకీపడిన సీసపద్యం సంగతి జ్ఞాపకం చేసినాడు. ఇంతవరకు ఆ పద్యం నేను చెప్పలేదు. బాకీలో కొంతయినా తీర్చుకొనడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.